కారు ధర రాసేది పెట్రోలు బంకు బోర్డు

ఆషాఢం వచ్చిందంటే చీరల దుకాణాల ముందు తగ్గింపు బ్యానర్లు లేస్తాయి. పెళ్లి ముహూర్తాలు ఉండవు, గిరాకీ పడిపోతుంది, సరుకు కదలాలి కాబట్టి ధర దిగుతుంది. శ్రావణం రాగానే అదే నేత, అదే జరీ, అదే అంచు; బ్యానరు మాత్రం మాయం. కొనేవాళ్లకు ఇందులో రహస్యమేమీ లేదు. ఆ తగ్గింపు చూసి చీర నాసిరకమని ఎవరూ అనుకోరు, నెల ఏదో గుర్తు చేసుకుంటారు. హైబ్రిడ్ కార్ల మీద కంపెనీలూ ప్రభుత్వాలూ పాతికేళ్లుగా ఇస్తూ, ఎత్తేస్తూ, మళ్లీ ఇస్తూ వచ్చిన రాయితీలను కూడా ఇలాగే చదువుకోవాలి. ఈ కారుకూ ఒక ఆషాఢం, ఒక శ్రావణం ఉన్నాయి. కాకపోతే ఆ నెలలు పంచాంగంలో దొరకవు, పెట్రోలు బంకు దగ్గర వేలాడే ధరల బోర్డు మీద కనిపిస్తాయి. హైబ్రిడ్ కొంటున్న మనిషి నిజానికి రెండు సరుకులు కొంటున్నాడు. ఒకటి కారు. రెండోది, రాబోయే కొన్నేళ్లలో తాను కాల్చకుండా మిగుల్చుకోబోయే పెట్రోలు. దానికి షోరూంలోనే ముందుగా డబ్బు కడుతున్నాడు. ఈ రెండో సరుకు విలువ కంపెనీ చేతిలోనూ లేదు, ప్రభుత్వం చేతిలో పూర్తిగానూ లేదు. పూటకో రకంగా మారే విలువ మీద ఏళ్ల తరబడి మారని రాయితీని అతికిస్తే ఏమవుతుందో అమెరికా ఒకసారి చేసి చూసింది. ఆ అనుభవం మనకిప్పుడు పనికొస్తుంది.

మిగిలే పెట్రోలు ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూడాలి. మామూలు పెట్రోలు కారులో పోసిన ఇంధనంలోని శక్తిలో చక్రాల దాకా చేరేది నాలుగో వంతుకు అటూ ఇటూ, ఊళ్లో రద్దీలో అయితే అంతకన్నా తక్కువ. మిగతాది వేడిగా రేడియేటర్లోంచీ, పొగగొట్టంలోంచీ పోతుంది. ఆ చేరిన కొంచెంలో కూడా మంచి భాగాన్ని మనం బ్రేకు తొక్కిన ప్రతిసారీ వేడి కింద మార్చి గాలికి వదిలేస్తాం. సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్నప్పుడు ఇంజను ఊరికే తిరుగుతూ తాగే పెట్రోలు సరేసరి. హైబ్రిడ్ ఈ మూడు చిల్లులకూ మాట్లు వేస్తుంది. బండి ఆగితే ఇంజను ఆగుతుంది. బ్రేకు తొక్కితే మోటారు జనరేటరుగా మారి, చక్రాల వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీలో వేస్తుంది. బయలుదేరేటప్పుడు, మెల్లగా పాకేటప్పుడు, అంటే పెట్రోలు ఇంజను అతి దండగగా పనిచేసే వేళల్లో, ఆ దాచిన కరెంటే బండిని లాగుతుంది.

టయోటా 1997 డిసెంబరులో జపాన్‌లో విడుదల చేసిన ప్రియస్ ఈ పని చేయడానికి గేరుబాక్సును కొత్తగా ఊహించింది. మధ్యలో సూర్యుడిలా ఒక పళ్లచక్రం, దాని చుట్టూ గ్రహాల్లా తిరిగే చిన్న చక్రాలు, బయట ఒక వలయం. సూర్యుడికి ఒక మోటారు, గ్రహాలను మోసే చట్రానికి ఇంజను, వలయానికి రెండో మోటారూ చక్రాలూ తగిలించారు. క్లచ్చి లేదు, మార్చాల్సిన గేర్లు లేవు. చక్రాలు ఎంత వేగంతో తిరుగుతున్నా, ఇంజను తనకు సుఖమైన వేగంలోనే తిరిగేలా రెండు మోటార్లూ సర్దుకుంటాయి. ఇంజను కూడా ప్రత్యేకమే. అట్కిన్‌సన్ పద్ధతిలో లోపలికి తీసుకునే వాల్వును ఆలస్యంగా మూసి, కాలిన వాయువును ఎక్కువసేపు వ్యాకోచించనిస్తుంది. అలాంటి ఇంజనుకు పొదుపు ఎక్కువ, ఒక్కసారిగా లాగే బలం తక్కువ; ఆ లోటును మోటారు భర్తీ చేస్తుంది. రెండో తరం ప్రియస్‌లో బ్యాటరీ సామర్థ్యం 1.3 యూనిట్లు మాత్రమే, ఇంట్లో ఇస్త్రీపెట్టె గంటసేపు వాడితే అయిపోయేంత. ప్లగ్గు లేదు. నడిచే ప్రతి కిలోమీటరు శక్తీ చివరికి పెట్రోలు నుంచే వస్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ సవరించిన లెక్కలో ఆ కారు మైలేజీ ఊళ్లో గ్యాలనుకు 48 మైళ్లు, హైవే మీద 45. మామూలు కార్లకు దీనికి తిరగబడి ఉంటుంది. చిల్లులు ఎక్కువున్న చోటే మాట్ల లాభం మరి.

ఇక్కడ లెక్క దగ్గర చాలామంది జారిపడతారు. మైలేజీ అంకె పెరిగినకొద్దీ అదే లెక్కన పొదుపు పెరుగుతుందని మనసు అనుకుంటుంది. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగే బండిని తీసుకోండి. లీటరుకు 10 కిలోమీటర్లిచ్చే పాత బండి మానేసి 15 ఇచ్చేది కొంటే 400 లీటర్లు మిగులుతాయి. 15 నుంచి 25కి ఎగబాకితే మిగిలేది 320 లీటర్లే. 25 నుంచి 30కి వెళ్తే 80. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో సైన్స్ పత్రికలో ఈ భ్రమనే చూపించి, మైలేజీకి బదులు నూరు మైళ్లకు ఎంత ఇంధనం ఖర్చవుతుందో రాయమన్నారు. హైబ్రిడ్‌కు దీని అర్థం తేలిక: మిగతా కార్లు మెరుగయ్యేకొద్దీ దాని ఆధిక్యం లీటర్లలో కుదించుకుపోతుంది. ఆ లీటర్ల విలువ రూపాయల్లో ఎంతన్నది మాత్రం బంకు బోర్డు చెప్పాలి.

అమెరికాలో హోండా ఇన్‌సైట్ 1999 చివర్లో, ప్రియస్ 2000లో అడుగుపెట్టాయి. 2003లో వచ్చిన రెండో తరం ప్రియస్‌తో కథ మలుపు తిరిగింది. 2004లో 53,991 ప్రియస్‌లు అమ్ముడైతే మరుసటి ఏడు 1,07,897. డీలర్ల దగ్గర నెలల తరబడి వెయిటింగు. సరిగ్గా ఆ సమయంలో, 2005 ఆగస్టులో, అమెరికా కాంగ్రెస్ ఇంధన విధాన చట్టం చేసి 2006 జనవరి నుంచి హైబ్రిడ్ కొన్నవాళ్లకు ఆదాయపు పన్నులో రాయితీ ఇచ్చింది. ప్రియస్‌కు 3,150 డాలర్లు. అయితే ఒక మెలిక పెట్టింది. ఒక్కో కంపెనీ 60 వేల బళ్లు అమ్మేదాకానే పూర్తి రాయితీ, ఆ తర్వాత మెట్లు మెట్లుగా కోత. టయోటాకు ఆ 60 వేలు ఆర్నెల్లలో అయిపోయాయి. 2006 అక్టోబరు నుంచి రాయితీ సగమైంది, 2007 ఏప్రిల్ నుంచి పావు, అక్టోబరు నుంచి సున్నా. రాయితీ నిండుగా ఉన్న 2006లో ప్రియస్ అమ్మకాలు 1,06,971. ముందటేడాదికన్నా ఓ వెయ్యి తక్కువే. రాయితీ కరిగిపోయిన 2007లో 1,81,221. ఈ అంకెలు మాత్రమే చూసి రాయితీ తీసేస్తే అమ్మకాలు పెరుగుతాయనే వింత సిద్ధాంతం కట్టొచ్చు! అసలు సంగతేమిటంటే 2006లో కొరత కొనేవాళ్లది కాదు, బళ్లది. ఫ్యాక్టరీ ఎన్ని తయారు చేస్తే అన్నీ వెళ్లిపోతున్న సరుకుకు ప్రభుత్వం తగ్గింపు ప్రకటించింది. శ్రావణంలో కట్టిన ఆషాఢం బ్యానరది.

అసలు పరీక్ష 2008లో వచ్చింది. జులైలో అమెరికాలో పెట్రోలు సగటు ధర గ్యాలను 4.11 డాలర్లకు చేరింది, అప్పటికి అది రికార్డు. ప్రియస్‌లు లారీ దిగీ దిగకముందే మాయమయ్యేవి, వాడిన బండికి కొత్తదాని ధర పలికిన సందర్భాలున్నాయి. మిసిసిపీలో కడుతున్న కొత్త ఫ్యాక్టరీలో ప్రియస్‌లే తయారు చేస్తామని టయోటా ఆ జులైలోనే ప్రకటించింది. డిసెంబరు ఆఖరుకు పెట్రోలు 1.61 డాలర్లకు జారింది. మిసిసిపీ ఫ్యాక్టరీని ఆ డిసెంబరులోనే పక్కన పెట్టారు. 2011లో అది తెరుచుకున్నప్పుడు దాంట్లోంచి వచ్చింది హైబ్రిడ్ కాని కొరోల్లా. 2008లోని ఆ ఆరు నెలల్లో ప్రియస్‌లో ఒక్క బోల్టు కూడా మారలేదు. మారింది రెండో సరుకు విలువ. ఏడాదికి 12 వేల మైళ్లు తిరిగే కుటుంబం 25 మైళ్ల కారు వదిలి 46 మైళ్ల ప్రియస్ తీసుకుంటే దాదాపు 219 గ్యాలన్లు మిగులుతాయి. జులై ధరలో అది ఏటా 900 డాలర్లు, ఐదేళ్లకు 4,500. డిసెంబరు ధరలో ఏటా 353, ఐదేళ్లకు 1,765 లోపే. తేడా సుమారు 2,700 డాలర్లు. ప్రభుత్వం మూడేళ్ల కిందట చట్టం చేసి, వాదించి, లెక్కలు కట్టి ఇచ్చిన 3,150 డాలర్ల రాయితీకి దాదాపు సమానమైన మొత్తాన్ని బంకు బోర్డు ఆరు నెలల్లో, ఎవర్నీ అడక్కుండా, ఇచ్చి మరీ లాక్కుంది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. అది ఆర్థిక మాంద్యం కాలం, లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలిన శరదృతువు. ఏ కారు మాత్రం అమ్ముడైంది? నిజమే. 2008 నవంబరులో అమెరికా మొత్తం కార్ల మార్కెట్టు ముందటేడాది నవంబరుతో పోలిస్తే 37 శాతం కుంగింది. కానీ అదే నెలలో ప్రియస్ అమ్మకాలు దాదాపు సగానికి పడ్డాయి. పొదుపు కారు కష్టకాలంలో మిగతావాటికన్నా మెరుగ్గా నిలబడాలని లోకజ్ఞానం చెబుతుంది. ఇది వాటికన్నా ఎక్కువ పడింది. మాంద్యం అందరినీ తోసింది, చవక పెట్రోలు దీన్ని అదనంగా తోసింది. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. అమ్మకాల అంకెను గిరాకీగా చదవడం ఈ వ్యవహారంలో తరచూ పొరపాటవుతుంది. 2008 వేసవిలో గిరాకీ పతాక స్థాయిలో ఉన్నప్పుడు బ్యాటరీలు చాలక ప్రియస్ అమ్మకాలు తగ్గాయి. గిరాకీ తెలియాలంటే అమ్మిన బళ్ల సంఖ్యకన్నా వెయిటింగు పొడవూ, సెకండ్‌హ్యాండ్ ధరా, డీలరు ఇచ్చే తగ్గింపూ చూడటం మేలు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. కారు కొనేవాడు కాగితం, పెన్సిలు పట్టుకుని ఐదేళ్ల పెట్రోలు లెక్క వేస్తాడా? వేయడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖకు చెందిన టామ్ టరంటైన్, కెన్ కురానీ 57 కుటుంబాలను కూర్చోబెట్టి వివరంగా అడిగి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంధన ఖర్చును పద్ధతిగా లెక్కగట్టిన కుటుంబం ఒక్కటీ కనిపించలేదు. అయితే లెక్క వేయకపోవడం వేరు, లెక్కకు దగ్గరగా నడుచుకోవడం వేరు. కూరగాయల బజారులో కిలో ధర మీద శాతాలు కట్టేవాళ్లెవరూ ఉండరు. టమాటా వంద దాటగానే చింతపండు వైపు చెయ్యి మళ్లుతుంది. ఆర్థికవేత్తలు మేగన్ బసీ, క్రిస్టఫర్ నిటెల్, ఫ్లోరియన్ జెటెల్‌మేయర్ లక్షల అమ్మకాల వివరాలు పరిశీలించి 2013లో తేల్చింది ఇదే. పెట్రోలు ధర గ్యాలనుకు ఒక డాలరు పెరిగితే మంచి మైలేజీ కార్ల పావు భాగపు వాటా 21 శాతం పెరిగింది, ఎక్కువ తాగే కార్ల పావు భాగపు వాటా 27 శాతం తగ్గింది. వాడిన కార్లలో ఈ రెండు వర్గాల మధ్య ధరల తేడా 1,900 డాలర్లు దాటి కదిలింది. కొత్త కార్లలో 350 డాలర్ల పైచిలుకే. కొత్త కార్లలో ధర తక్కువ కదలడానికి కారణం ఫ్యాక్టరీ ఉత్పత్తిని మార్చుకోగలగడం. పాత కార్లను ఎవరూ కొత్తగా తయారు చేయలేరు కాబట్టి అక్కడ బరువంతా ధర మీదే పడుతుంది. ఒక్కో మనిషి లెక్క వేయకపోయినా బజారు మొత్తం మీద లెక్క దానంతట అదే కుదురుతోంది.

ఈ రోజు ధరే ఐదేళ్లూ ఉంటుందని జనం నమ్ముతారా అన్నది దీనికి తోక ప్రశ్న. సరదా ఏమిటంటే, చాలావరకు నమ్ముతారు. మిచిగన్ విశ్వవిద్యాలయం ఏళ్లుగా చేస్తున్న వినియోగదారుల సర్వేలో జనం చెప్పే భవిష్యత్తు ధర సాధారణంగా ఆ రోజు బంకు ధర దగ్గరే ఉంటుందని ఆండర్సన్, కెలోగ్, సాలీ అనే ఆర్థికవేత్తలు చూపించారు. మినహాయింపు 2008 చివరి పతనమే. అప్పుడు మాత్రం ధర కొంత కోలుకుంటుందని జనం అనుకున్నారు, అదే జరిగింది కూడా. అంటే నా పై లెక్కలోని 2,700 డాలర్లను కొంత తగ్గించి చూడాలి. తగ్గించినా వాదం ఒరిగిపోదు.

ఇక హోదా సంగతి. ప్రియస్ కొన్నవాళ్లలో కొందరు పెట్రోలు కోసం కాక, పర్యావరణం మీద తమకున్న శ్రద్ధ వీధిలో కనబడాలని కొన్నారని ఒక వాదన ఉంది. దానికి ఆధారమూ ఉంది. హోండా సివిక్‌లో హైబ్రిడ్ వచ్చినా అది చూడ్డానికి మామూలు సివిక్‌లాగే ఉండేది. మరే కారులోనూ లేని ఆకారమున్న ప్రియస్‌కే జనం ఎగబడ్డారు. కాలిఫోర్నియా ఇంకో ఆశ కూడా చూపింది. ఒంటరిగా వెళ్తున్నా ఎక్కువమంది ప్రయాణించే కార్ల ప్రత్యేక లేన్‌లో నడుపుకోవచ్చంటూ 85 వేల హైబ్రిడ్‌లకు పసుపు స్టిక్కర్లు ఇచ్చింది. ఆ స్టిక్కరున్న సెకండ్‌హ్యాండ్ ప్రియస్ లేనిదానికన్నా ఎక్కువ పలికింది, 2011 జులై 1న స్టిక్కర్లు చెల్లకుండా పోయేదాకా. ఖజానా నుంచి పైసా తీయకుండా ఇచ్చిన రాయితీ అది. ధర మాత్రం ఆ లేన్‌లో ముందు నుంచీ వెళ్తున్న బస్సు ప్రయాణికులు రద్దీ రూపంలో కట్టారు. హోదా, లేను, పెట్రోలు మూడూ కలిసే గిరాకీ పుడుతుందని ఒప్పుకోవచ్చు. కానీ 2008 జులై, డిసెంబరు నెలల మధ్య హోదా తగ్గలేదు, స్టిక్కరు పోలేదు. కదిలింది ఒక్కటే, గిరాకీ దాని వెంటే కదిలింది.

మరి ప్రభుత్వం ఇచ్చిన డబ్బు ఎవరికి చేరింది? సరుకు కొరతగా ఉన్నప్పుడు రాయితీ ఇస్తే అమ్మేవాడు ధర పెంచి దాన్ని మింగేస్తాడన్నది అర్థశాస్త్రం మొదటి పాఠం. జేమ్స్ సాలీ ప్రియస్ అమ్మకాల రసీదులనే పరిశీలించి 2011లో ప్రచురించిన ఫలితం ఆ పాఠాన్ని తలకిందులు చేసింది: రాయితీ మొత్తం కొన్నవాళ్లకే దక్కింది. తాత్కాలికమైన రాయితీ కోసం ఈరోజు ధర పెంచితే రేపు రాయితీ పోయినప్పుడు దించాలి, అప్పటికి పేరు చెడుతుంది. టయోటా ముందుచూపుతో ఆగిందని ఆయన వివరణ. మంచిదే కదా అనిపిస్తుంది. కానీ కొన్నవాళ్లెవరన్నది ఇంకో ప్రశ్న. ఎలాగూ క్యూలో నిలబడి ఉన్నవాళ్లకే ఆ డబ్బు వెళ్తే అదనంగా రోడ్డెక్కిన హైబ్రిడ్‌లు ఎన్ని? ఆర్థికవేత్తలు ఆరీ బెరెస్తియాను, షాంజున్ లీ అంచనా ప్రకారం 2006 హైబ్రిడ్ అమ్మకాల్లో రాయితీ వల్ల జరిగినవి అయిదో వంతు. పెట్రోలు ధర 1999 నాటి స్థాయిలోనే ఉండి ఉంటే అమ్మకాలు 37 శాతం తగ్గేవి. ఆ రాయితీతో ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ తగ్గించడానికి ఖజానాకు పడిన ఖర్చు 177 డాలర్లని కూడా వాళ్లు లెక్కగట్టారు. అయిదుగురిలో నలుగురు ఎలాగూ కొనేవాళ్లే కాబట్టి ఖర్చు అంత పెరిగింది.

రాయితీ ఎంత అన్నదానికన్నా అది కొనేవాడి చేతికి ఎప్పుడు వస్తుందన్నది ముఖ్యమని ఇంకో పరిశోధన చెప్పింది, నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చింది అదే. కెల్లీ సిమ్స్ గాలగర్, ఎరిక్ మ్యూలెగర్ అమెరికా రాష్ట్రాలిచ్చిన రాయితీలను పక్కపక్కన పెట్టి చూశారు. కొన్ని రాష్ట్రాలు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చాయి, అంటే ఏడాది చివర ఫారాలు నింపాక వచ్చేది. కొన్ని కారు మీద అమ్మకపు పన్నే ఎత్తేశాయి, అంటే బిల్లులోనే తగ్గేది. సమానమైన మొత్తానికి రెండో పద్ధతి ప్రభావం పది రెట్లకు మించింది. వింటే నమ్మబుద్ధి కాదు గానీ, కొసరు గంపలో పడేటప్పుడు చూసే ఆనందం తెలిసినవాళ్లకు ఆశ్చర్యం కలగదు. ఫెడరల్ రాయితీ మొదటి రకానిది. పైగా ప్రత్యామ్నాయ కనీస పన్ను అనే లెక్కలోకి వచ్చే ఆదాయవంతులకు అది అసలు దక్కేది కాదు, పన్ను కట్టేంత ఆదాయం లేనివాళ్లకూ దక్కేది కాదు. తప్పు సమయంలో ఇచ్చిన రాయితీని తప్పు కిటికీలోంచి కూడా అందించారన్నమాట.

గడువు పెట్టడం మూడో పొరపాటు. ఆఖరి తేదీ ఉన్న రాయితీ గిరాకీని కొత్తగా పుట్టించడం తక్కువ, రేపటి గిరాకీని ఇవాళ్టికి లాక్కురావడం ఎక్కువ. 2009 వేసవిలో అమెరికా పాత కార్లు తుక్కు చేసి పొదుపు కారు కొంటే 3,500 నుంచి 4,500 డాలర్లు ఇస్తామంది; 300 కోట్ల డాలర్లు ఆగస్టు 24కల్లా అయిపోయాయి, దాదాపు 6.8 లక్షల కార్లు చేతులు మారాయి. ఆర్థికవేత్తలు ఆతిఫ్ మియాన్, అమీర్ సూఫీ లెక్కలో ఆ అదనపు అమ్మకాలు దాదాపు మొత్తం తర్వాతి నెలల మందగింపులో తుడిచిపెట్టుకుపోయాయి. 2025లో విద్యుత్తు కార్ల మీద 7,500 డాలర్ల రాయితీ సెప్టెంబరు 30తో ముగుస్తుందని తేలగానే ఆ త్రైమాసికంలో అమ్మకాలు రికార్డు కొట్టి, మరుసటి త్రైమాసికంలో కూలాయి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకునే తెలివి అమెరికన్లకూ ఉంది.

అయితే రాయితీలు అసలే వద్దా? అంత దూరం వెళ్లలేను. కొత్త సాంకేతికత మొదటి వేల బళ్లలో ఖర్చు ఎక్కువ, తయారయ్యేకొద్దీ బ్యాటరీలూ మోటార్లూ చవకవుతాయి, ఆ నేర్చుకోవడానికి సమాజం కొంత డబ్బు పెట్టడం న్యాయమే అన్న వాదనలో బలముంది. అమెరికా చట్టంలోని 60 వేల హద్దు వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే: పసిపిల్లకు చెయ్యి పట్టుకుని నడక నేర్పి వదిలేయాలి. అమల్లోకి వచ్చేసరికి అది తిరగబడింది. ముందు నేర్చుకుని ఎక్కువ అమ్మిన టయోటాకు రాయితీ ముందే పోయింది, వెనకబడిన కంపెనీల కార్లకు కొనసాగింది. 2007 చివరకు కొనుగోలుదారు షోరూంలోకి వెళ్తే, మైలేజీ తక్కువైన మరో కంపెనీ హైబ్రిడ్ మీద రాయితీ ఉండేది, ప్రియస్ మీద ఉండేది కాదు. జపాన్ 2009లో ఇంకోలా చేసింది. ఏప్రిల్ నుంచి కాలుష్యం తక్కువ బళ్లకు కొనుగోలు పన్నులు ఎత్తేసింది, పదమూడేళ్లు దాటిన పాత బండి ఇస్తే రెండున్నర లక్షల యెన్ ఇచ్చింది. రాయితీ బిల్లు దగ్గరే కనిపించింది, కంపెనీ పేరుతో కాక కారు కాల్చే ఇంధనంతో ముడిపడింది, మాంద్యంలో ఫ్యాక్టరీలు ఖాళీగా ఉన్న సమయంలో వచ్చింది. అదే సమయంలో హోండా కొత్త ఇన్‌సైట్‌ను చవగ్గా దింపింది, టయోటా మూడో తరం ప్రియస్ ధర తగ్గించక తప్పలేదు. ఏప్రిల్‌లో ఇన్‌సైట్, ఏడాది మొత్తం మీద ప్రియస్ జపాన్‌లో అత్యధికంగా అమ్ముడైన కార్లయ్యాయి. ప్రభుత్వ రాయితీకి కంపెనీల పోటీ తోడైతే ధర నిజంగా దిగుతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ తర్వాత అమెరికాలో హైబ్రిడ్‌లకు ఫెడరల్ రాయితీ ఏమీ లేకుండానే 2023లో అమ్మకాలు పది లక్షలు దాటాయి. పసిపిల్ల నడిచింది.

మన దగ్గర బంకు బోర్డు కథ వేరుగా నడిచింది. 2022 మే నుంచి 2025 చివరి దాకా హైదరాబాదులో పెట్రోలు ధర, 2024 మార్చిలో తగ్గిన రెండు రూపాయలు తప్ప, మేకు కొట్టినట్టు నిలిచింది. లీటరు 107 రూపాయల పైన. ముడిచమురు పెరిగినా తగ్గినా బోర్డు కదలనప్పుడు హైబ్రిడ్ రెండో సరుకు విలువ కూడా కదలదు. కాబట్టి ఇక్కడ గిరాకీని కదిలించేది పన్ను. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరుగుతూ 15 నుంచి 25 కిలోమీటర్ల మైలేజీకి మారితే మిగిలే 320 లీటర్ల విలువ ఆ ధరలో 34 వేల రూపాయలు. హైబ్రిడ్‌కు రెండున్నర లక్షలు ఎక్కువ పెట్టాల్సి వస్తే అది తిరిగి రావడానికి ఏడేళ్లు దాటుతుంది. నెలకు రెండు వేల కిలోమీటర్లు రద్దీలో తిరిగేవాళ్లకు మూడున్నరేళ్లకు కాస్త ఎక్కువ చాలు. ఒకే రాయితీ ఇద్దరికీ ఇస్తే మొదటివాడి చేత కారు కొనిపించవచ్చు గానీ, పెట్రోలు ఎక్కువ మిగిల్చేది రెండోవాడే.

మన పన్నుల చరిత్ర చూస్తే మాత్రం ఊయల గుర్తొస్తుంది. 2015 ఏప్రిల్‌లో మొదలైన, విద్యుత్తు, హైబ్రిడ్ బళ్లను ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ ఫేమ్ పథకం, కరెంటు మీద ఒక్క అడుగు కూడా సొంతంగా వేయలేని మైల్డ్ హైబ్రిడ్‌లకు కూడా రాయితీ ఇచ్చింది. చిన్న మోటారు తగిలించిన డీజిల్ కార్లు వరసగా ఆ ఖాతాలో చేరాయి. 2017 ఏప్రిల్ 1 నుంచి వాటిని తీసేశారు. మూడు నెలలకే జీఎస్టీ వచ్చి అన్ని పెద్ద హైబ్రిడ్‌లనూ 28 శాతం పన్ను, 15 శాతం సెస్సుతో విలాసపు కార్ల గాటన కట్టింది. అంతకు ముందు ముప్ఫై శాతం దగ్గరున్న పన్ను 43కి ఎగిరింది. విద్యుత్తు కార్లకు అదే జీఎస్టీ 12 శాతం, 2019 ఆగస్టు నుంచి 5 శాతం. ఈ 43కీ 5కీ మధ్య తేడాను సమర్థించేవాళ్లు, హైబ్రిడ్ ఎంత పొదుపైనా పెట్రోలు కారే, దాన్ని ప్రోత్సహిస్తే విద్యుత్తు కారు ఆలస్యమవుతుందంటారు. పొగగొట్టం ఉన్నంతకాలం ఆ మాట కొట్టిపారేయలేం. కానీ పోలిక విద్యుత్తు కారుతోనే ఎందుకు? మామూలు పెద్ద పెట్రోలు కారుతో పోలిస్తే మూడో వంతు ఇంధనం మిగిల్చే బండికి దానితో దాదాపు సమానమైన శాతం పన్ను వేశారు. హైబ్రిడ్ అసలు ధర ఎక్కువ కాబట్టి రూపాయల్లో ఎక్కువే కట్టించారు. పెట్రోలు తక్కువ తాగినందుకు ఎక్కువ పన్ను!

2022లో టయోటా హైరైడర్, మారుతీ గ్రాండ్ విటారా లీటరుకు 27.97 కిలోమీటర్ల అధికారిక మైలేజీతో వచ్చి, పన్ను బరువుతోనే కొనేవాళ్లను సంపాదించుకున్నాయి. మారుతీ 2020లో డీజిల్‌ను వదిలేయడం వల్ల, ఎక్కువ దూరం తిరిగేవాళ్లకు అక్కడ ఖాళీ ఏర్పడింది. 2024 జులైలో ఉత్తరప్రదేశ్, కరెంటు మీద సొంతంగా కొంత దూరం నడవగల స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు రిజిస్ట్రేషన్ పన్ను ఎత్తేసింది. పది లక్షల పైన కారుకు పది శాతం, బిల్లు దగ్గరే కనిపించే రకం, అంటే గాలగర్, మ్యూలెగర్ మెచ్చే రకం. తెలంగాణ ఆ నవంబరులో ఇచ్చిన మినహాయింపు విద్యుత్తు బళ్లకే పరిమితం. పదహారు లక్షల హైబ్రిడ్ కొన్న హైదరాబాదీ లైఫ్ ట్యాక్సు కిందే రెండు లక్షలకు పైగా కడతాడు, పై లెక్కలో అది ఆరేళ్లకు మించిన పెట్రోలు పొదుపు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మళ్లీ మారింది. సెస్సు పోయి పెద్ద హైబ్రిడ్‌ల పన్ను 43 నుంచి 40కి దిగింది. నాలుగు మీటర్లు దాటని పొడవు, 1,200 సీసీ మించని ఇంజను ఉన్న పెట్రోలు హైబ్రిడ్‌కు 18 శాతం. పెట్రోలు తక్కువ దండగ చేసే బండి మన సందుల్లో, మన సిగ్నళ్ల దగ్గర ఇలాగే చిన్నదిగా ఉండాలని కోరుకుంటాం కదా. కానీ ఆ స్లాబు అమల్లోకి వచ్చిన రోజున దేశంలో అమ్ముతున్న స్ట్రాంగ్ హైబ్రిడ్‌లలో ఒక్కటి కూడా అందులో పట్టలేదు. వాటిలో చిన్నవైన హైరైడర్, గ్రాండ్ విటారాల ఇంజను 1,490 సీసీ, పొడవు 4.3 మీటర్ల పైన.